కంచె బయటి సోఫీ

సువార్తమ్మగారు ఒక మాట అనుకున్నారంటే ఇక బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా ఆగదని ఆవిడ బళ్ళో పనిచేసిన హిందూ టీచర్లు అనేవారు. గుంటూరు జిల్లాలో లూథరన్ మిషన్ బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, ఇన్‌స్పెక్టర్ల చేత కూడా గుంజీలు తీయించగల మనిషని పేరు తెచ్చుకుని మరీ రిటైరయ్యారు. అలాంటావిడ 1983 శరదృతువులో నేపర్‌విల్‌లో ఉన్న కూతురు శాంతి దగ్గరికి వచ్చి, పని లేక, తిట్టడానికి పిల్లలు లేక, కిటికీలోంచి రాలే ఆకుల్ని చూస్తూ ఉడికిపోతున్నారు.

శాంతి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు రవికుమార్ సివిల్ ఇంజనీరు. ఊరి పడమటి చివర, మొక్కజొన్న చేల మధ్యనున్న లూథరన్ చర్చిలో వాళ్ళు సభ్యులు. జర్మన్ రైతులు కట్టుకున్న పాత చర్చి అది. ఇప్పుడు చేలల్లో కొత్త ఇళ్ళు లేచాయి, ఆదివారం వస్తే కార్లు రోడ్డు మీదికి పొంగుతున్నాయి. అందుకని సమాధుల తోట పక్కనున్న ఖాళీ జాగాలో పార్కింగ్ కోసం తారు పరచాలని సంఘం తీర్మానించింది. ఆ ప్లాను గీసింది రవికుమారే. కమిటీలో ఉన్న ఒకే ఒక ఇండియన్‌ని అని అతనికి లోలోపల కొంచెం గర్వం. ఉండదూ మరి.

నవంబరు రెండో తేదీ వచ్చింది. గుంటూరు వైపు క్రైస్తవులకు అది సమాధుల పండగ. పొద్దున్నే తట్టలూ చీపుళ్ళూ పట్టుకుని శ్మశానానికి పోయి, కలుపు పీకి, సమాధులకు సున్నం కొట్టి, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్ళకు తెల్లబట్టలు కట్టినట్టుంటుంది. మనకు ఈ మతం నేర్పిన దేశంలో ఇంకెంత ఘనంగా చేస్తారోనని సువార్తమ్మగారి ఊహ. ఎవర్నీ అడగలేదు. ఆవిడకు అడిగే అలవాటు లేదు.

చర్చి ఆడవాళ్ళు బుధవారం బొంతలు కుడతారు. తల్లి అక్కడికే వస్తోందనుకుని శాంతి డ్యూటీకి వెళుతూ ఆవిడను గేటు దగ్గర దింపింది. తల్లి సంచిలో పెద్ద ఐస్‌క్రీం డబ్బా నిండా సున్నం, ఒక కుంచె ఉన్నాయని ఆ పిల్లకేం తెలుసు. లాన్‌లో చల్లడానికి అల్లుడు కొని గరాజ్‌లో పెట్టిన బస్తా మీద 'లైమ్' అని రాసుంది, అంతే.

సమాధుల తోటలో నరమానవుడు లేడు. కంచె లోపలి రాళ్ళన్నీ నున్నటి గ్రానైటు, వాటికి సున్నం అక్కరలేదు. కంచెకు బయట, మేపుల్ చెట్టు మొదట్లో మాత్రం ఒక చిన్న రాయి ఒరిగి ఉంది. నాచు పట్టి, అక్షరాలు అరిగి, గడ్డిలో సగం కూరుకుపోయింది. సువార్తమ్మగారి ప్రాణం ఉసూరుమంది. చుట్టుపక్కల ఇంతమంది కలిగినవాళ్ళుండి దీన్ని పట్టించుకునే దిక్కు లేకపోయిందా అని ఆవిడకు కోపం కూడా వచ్చింది. కోపం వస్తే ఆవిడ చేతులకు ఎక్కడలేని బలం వస్తుంది. గడ్డి పీకారు, నాచు గోకారు. కొళాయి నీళ్ళతో సున్నం కలిపారు. ఎంత సేపు చూసినా అది ఉడకలేదు, బుడగ కూడా రాలేదు. ఈ దేశపు సున్నానికి కూడా చలేనేమో అనుకుని, అలాగే రాయికి దట్టంగా పూసేశారు. ఇక పూలు కావాలి. చర్చి మెట్ల మీద కుండీల్లో పసుపు చామంతులు విరగబూసి కనిపించాయి. ఎవరో మంచివాళ్ళు పండగకే పెట్టి ఉంటారనుకుని, ఒక్క పువ్వు మిగల్చకుండా కోసుకొచ్చి రాయి ముందు పరిచేశారు.

అవి ఆ సంఘాలకు మూలపురుషుడైన లూథర్ ఐదువందలవ పుట్టినరోజు ఉత్సవానికి తెప్పించిన పూలు.

బొంతలు కుట్టే ఆడవాళ్ళు బయటికొచ్చి నిలువుగుడ్లేసుకుని చూశారు. కుర్ర పాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరో రాయిని పాడు చేశారు" అని మొదలుపెట్టి, చేతిలో కుంచెతో నిలబడ్డ పెద్దావిణ్ణి చూసి మాట మింగేశాడు. వాళ్ళ వెనక ఎర్నా అనే ముసలావిడ నిలబడి ఉంది. పెళ్ళి చేసుకోకుండా, నలభై ఏళ్ళు ఆ చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి. ఆవిడ ముఖం సున్నం కన్నా తెల్లబడింది. వెనక్కి తిరిగి, కోటు కూడా వేసుకోకుండా కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అల్లుడు గొంతు పెంచలేదు కానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అత్తయ్యా, అది హద్దురాయి. ప్లాన్‌లో 'ఓల్డ్ స్టోన్, రిమూవ్' అని మార్క్ చేశాం. సోమవారం కాంట్రాక్టర్ వస్తున్నాడు. చలి ముదిరితే తారు వెయ్యరు. ఇప్పుడు అందరూ నన్నడుగుతున్నారు, మీవాళ్ళ రిలిజియన్‌లో ఇలా చేస్తారా అని. నేనేం చెప్పను?"

"మన రిలిజియను వాళ్ళదేనని చెప్పండి బాబూ. హద్దురాయికి పావురాన్ని చెక్కుతారా ఎవరన్నా? నా చేత్తో తడిమి చూశాను. దాని కింద ఎవరో మనిషి ఉన్నారు."

"ఎవరో తెలీదు కదమ్మా, ఊరుకో. ఇక్కడ మనం గెస్టులం" అంది శాంతి.

"నువ్వు గెస్టువేమో. నేను లూథరన్‌ని. ఆ రాయి మీద కార్లు పెట్టనివ్వను."

ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూతురికి చిన్నప్పట్నించీ తెలుసు. అయినా సోమవారంలోగా, ఓటైనా లేని ఈవిడ ఏం చేయగలదని శాంతి అనుకుంది. నిజం చెప్పాలంటే సువార్తమ్మగారికీ ఏం చేయాలో తోచలేదు. తోచకపోవడం వేరు, వదిలిపెట్టడం వేరు.

రెండు రోజులు జడివాన. శనివారం మధ్యాహ్నం వెలిసేసరికి వాకిట్లో ఒక పొడుగాటి పాత కారు ఆగింది. ఎర్నా దిగింది. కూర్చోమంటే కూర్చుంది, టీ ఇస్తే పుచ్చుకుంది, ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"ఆ రాయి మా అమ్మమ్మది" అంది.

ఆ తరవాత ఆపలేదు. సువార్తమ్మగారిది బైబిలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు. ఎర్నా ఆవిడ కోసం ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

సోఫీ, హెన్రిక్ మొగుడూ పెళ్ళాలు. జర్మనీలోని ఒక పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, ఈ గడ్డినేల దున్నుకున్నారు. ఒక ఏడు వడగళ్ళు, మరుసటేడు పురుగు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మూడో ఏడు పశువులు పోయాయి. హెన్రిక్‌కు మనసు చెదిరింది. ఒక వసంతకాలం పొద్దున కొట్టంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటి పాస్టరు, అలా పోయినవాడికి కంచె లోపల చోటు లేదన్నాడు. గొయ్యి తవ్వడానికి ఎవరూ రాలేదు. సోఫీకి అప్పటికే మగపిల్లలున్నారు, మళ్ళీ కడుపుతో ఉంది. కంచెకు ఆనుకుని, ఎంత దగ్గరగా తవ్వగలిగితే అంత దగ్గరగా, తనే తవ్వింది.

"ఆ కడుపులో ఉన్నది మా అమ్మ" అంది ఎర్నా.

పొలం అమ్మి పొమ్మన్నారు, అమ్మలేదు. పెళ్ళాం పోయిన పక్క రైతును చేసుకోమన్నారు, చేసుకోలేదు. పసిపిల్లను వీపుకు కట్టుకుని నాగలి పట్టింది. బాతుల్ని పెంచి, ఆ ఈకలతో చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళందరికీ దిళ్ళు కుట్టింది. తన మొగుణ్ణి వెలేసిన చర్చికే ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. దేవుడి మీద నాకు కోపం లేదు, కంచె వేసింది ఆయన కాదు అనేదట. కొడుకులు ఎదిగి సంఘ పెద్దలయ్యారు. సోఫీ మంచం పట్టినప్పుడు కొత్త పాస్టరు వచ్చి, అమ్మా, లోపల మీకు మంచి చోటు చూశాం అన్నాడు.

"మా అమ్మమ్మ ఏమందంటే, నా హెన్రిక్‌కు చోటు లేని చోట నాకేం పని, నన్ను అతని పక్కన పెట్టండి అంది."

పెట్టారు. కానీ కొడుకులకు పరువు పోయినట్టయింది. చిన్న రాయి వేసి, దానికి నాచు పట్టనిచ్చి, మనవలు అడిగితే అది హద్దురాయని చెప్పారు. ఒక తరం గడిచేసరికి అందరూ అదే నమ్మారు. ఎర్నా వాళ్ళమ్మ మాత్రం ఆదివారం చర్చి వదిలాక ఆ రాయి దగ్గర బూటు లేసు ముడేసుకుంటున్నట్టు నటించి వంగేది. ఎవరూ చూడకుండా రాయిని ముట్టుకోవడానికి. చనిపోయే ముందు కూతురికి ఒక్కదానికే చెప్పింది.

"కమిటీలో ప్లాను చూపించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడెందుకులే అనుకున్నాను. మీరు పూలు పెట్టేసరికి భరించలేకపోయాను."

సువార్తమ్మగారు తన కుర్చీని ఎర్నా దగ్గరికి జరుపుకున్నారు.

"మా నాయనమ్మ కూడా విధవరాలే" అన్నారు. "మా పల్లె ఊరికి బయట. మా బావి బయట, మా శ్మశానం బయట. మీ దొరలు వచ్చి, దేవుడి దగ్గర లోపలా బయటా లేవని చెప్పారు. ఆ ఒక్క మాట నమ్మి మా నాయనమ్మ బాప్తిస్మం పుచ్చుకుంది. ఆవిడ సమాధిని ఊళ్ళో మోతుబరి మిరపచేలో కలిపేసుకున్నాడు. ఇప్పుడు ఆ చోటు చూపించమంటే నేను చూపించలేను. మీరు చూపించగలరు. చూపించకపోతే అది మీ తప్పే."

కఠినంగానే అన్నారు. ఎర్నా ఏడవలేదు. చల్లారిన టీ మొత్తం తాగి లేచి వెళ్ళింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం సమావేశమైంది. అప్పటికే అందరూ రాయిని చూసి వచ్చారు. ఉడకని సున్నం కావడంతో పైనున్నదంతా వానకు కొట్టుకుపోయి, చెక్కిన గీతల్లో మాత్రం నిలబడింది. సోఫీ, హెన్రిక్ భార్య అన్న అక్షరాలు నల్లబల్ల మీద రాసినట్టు తెల్లగా కనబడుతున్నాయి. రవికుమార్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. 'ఓల్డ్ స్టోన్' అని రాసింది తన చేతిరాతే.

పాస్టరు మధ్యేమార్గం చెప్పాడు. రాయిని గౌరవంగా తీసి కంచె లోపల నిలబెడదాం, ప్రార్థన చేద్దాం, పని యథాప్రకారం సాగనిద్దాం. పామూ చావకుండా కర్రా విరక్కుండా ఉందని అందరి తలలూ ఊగాయి. సంఘాధ్యక్షుడు ఇక ఓటు వేద్దామా అన్నాడు. సభ్యురాలు కానందువల్ల సువార్తమ్మగారికి మాట్లాడే హక్కు లేదు. మోచేయికి హక్కులతో పని లేదు కనుక, పక్కనున్న ఎర్నా డొక్కలో ఒక్క పోటు పొడిచారు.

ఎర్నా లేచింది. అమ్మమ్మ కథంతా చెప్పింది. కొట్టం సంగతి కూడా దాచలేదు. "రాయిని లోపలికి తెస్తారు సరే. మనుషులు అక్కడే ఉంటారు. వాళ్ళ మీద మన కార్లు ఉంటాయి" అంది.

"పోయి ఎనభై ఏళ్ళు దాటింది కదా మిస్ ఎర్నా" అన్నాడు అధ్యక్షుడు మర్యాదగానే. "కింద ఏమీ మిగిలి ఉండదు."

"అయితే కొత్తగా ఒకరు ఉంటారు. ముందు వరసలో మా అమ్మా నాన్నల పక్కన నేను కొనుక్కున్న చోటు ఉంది. అది ఎవరికైనా ఇచ్చేయండి. నన్ను బయట, మా అమ్మమ్మ పక్కన పెట్టండి. నాకు డెబ్భై ఆరు. ఎంతో కాలం ఆగక్కర్లేదు."

పాస్టరు కుర్చీలోంచి లేచి, "పోనీ, కంచెనే జరిపి వాళ్ళను లోపలికి కలుపుకుందామా?" అన్నాడు.

"వద్దు" అంది ఎర్నా. "లోపలికి రానని ఆవిడే చెప్పింది. ఆవిణ్ణి చూడాలనుకుంటే మనమే బయటికి వెళదాం."

ఆ రాయినీ చెట్టునూ వదిలేసేలా ప్లాను మార్చాలన్న వాళ్ళను చేతులెత్తమన్నారు. మొదట లేచింది రవికుమార్ చెయ్యి. తను గీసిన ప్లానుకు తనే ఎదురు చెయ్యెత్తడం అతనికి తేలికేం కాదు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, చెయ్యి మాత్రం దించలేదు. తరవాత బొంతలు కుట్టే ఆడవాళ్ళు, తరవాత పాస్టరు. అధ్యక్షుడు ఎత్తలేదు, ఇంకా కొందరూ ఎత్తలేదు. అయినా తీర్మానం నెగ్గింది.

బయట గాలి కోసేస్తోంది. పని మొదలుపెట్టడానికి భూమిలో దిగ్గొట్టిన కొయ్యమేకుల్ని రవికుమార్ చెట్టు వైపు నుంచి ఒక్కొక్కటే పీకుతున్నాడు. ఎర్నా వెళ్ళి చెయ్యి చాపింది. అతను ఎందుకని అడగకుండా ఒక మేకు ఇచ్చాడు. ఆవిడ రాయి పక్కన, మనిషి పట్టేంత ఎడం చూసుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూడలేదు. సువార్తమ్మగారు చెట్టు కింది బండరాయి ఒకటి తెచ్చి చేతికిచ్చారు.

దానితో మేకును గట్టిగా దిగ్గొట్టి ఎర్నా అంది, "ఇది నాది."