సెంటు పూసుకున్న మంగళవారం

నిమ్మచెక్క అయిపోయింది గానీ వాసన పోలేదు. పెరట్లో తొట్టి పక్కన గొంతుక్కూర్చుని నారాయణి ముందు సున్నిపిండితో రుద్దింది, తరువాత చింతపండు గుజ్జుతో, ఆఖరుకి ఈ నిమ్మచెక్కతో. మణికట్టు ఎర్రబడి మండుతోంది. నీళ్లు పడేకొద్దీ ఆ సెంటు ఇంకా లేస్తోందే తప్ప తగ్గడం లేదు. చీర మార్చింది. మార్చిన చీరకూ అంటుకుంది. ఇంక చేసేదేముంది, కర్మ అనుకుని కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకుంది.

అంతా ఆ సుజన వల్ల వచ్చింది. ఎదురింటి ముందుగదిలో రవికలు కుట్టే సుజనకు చిత్తూరులో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని దొరికింది. సాయానికి ఇంకో మనిషి కావాలట, తిండీ గదీ ఇచ్చి జీతం కూడా ఇస్తారట. నువ్వు రా అక్కా అని పది రోజులుగా నారాయణి వెంటపడింది. ఈరోజే ప్రయాణం. రాలేనని చెప్పడానికి నారాయణి పొద్దున్నే వీధి దాటి వెళ్లింది. చెప్పింది కూడా. నాయనను వదిలి ఎట్లా వస్తానని, పెరుమాళ్ళకు మాల ఎవరు కడతారని అడిగింది. సుజన వాదించలేదు. మంగళవారం ఉపవాసమని కాఫీ కూడా వద్దంటున్న మనిషిని ఒక్క క్షణం ఎగాదిగా చూసి, సంచిలోంచి సీసా తీసి మెడ మీద, చేతి మీద బుస్సుమని కొట్టేసింది.

"నా గుర్తుగా ఉండనీలే అక్కా. నలభై నాలుగేండ్లొచ్చె, ఒక్క పొద్దయినా నీ ఒంటి మీద నీ కోసరం వాసనుండాదా?"

అది నవ్వుతూనే అంది. నారాయణి మాత్రం హడలిపోయి ఇంటికి పరుగెత్తింది.

మాలలు కట్టే ఇంట్లో సెంటు ఎంత అపచారమో సుజనకేం తెలుసు! వీధి చివర చిన్న పెరుమాళ్ళ గుడికి మూడు తరాలుగా మాల ఈ ఇంటి నుంచే వెళుతుంది. దేవుడికి ఇవ్వకముందు మనిషి వాసన చూసిన పువ్వు ఎంగిలి పువ్వే. అందుకని పూలగదిలోకి అడుగుపెడితే ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వాసన సబ్బు లేదు, ముఖానికి పౌడరు లేదు, తలలో పువ్వు లేదు. ఇక సెంటు మాటెత్తితే నాయన సుదర్శనం, అందులో సారాయి కలుస్తుందట అని చెవులు మూసుకునేవాడు. సంపెంగలూ మరువమూ దవనమూ ఒళ్లో పోసుకుని కూర్చున్న నారాయణి ఇన్నేళ్లూ గుడ్డ వెనక ఊపిరి పీల్చింది. నిజం చెప్పొద్దూ, ఈ సెంటు ఆమెకు నచ్చింది. దేని వాసనో తెలియదు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు చూసుకుంది కూడా. నచ్చినందుకే ఎక్కువ భయం వేసింది.

మధ్యాహ్నం ఆరాధనకు మాల వెళ్లాలి. పూలు వచ్చి బుట్టలో ఉన్నాయి. పోతే నాయన పసిగడతాడు, పోకపోతే ఎందుకు రాలేదని అరుస్తాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పని. కాసేపు తటపటాయించి వసారాలోకి వచ్చింది.

పూలగది వసారాలోకే తెరుచుకుంటుంది. గడప లోపల చాప మీద కూర్చుని సుదర్శనం అరటినారను చీలికలు చేస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి. చూపు పోయి చాలా ఏళ్లయింది, చెవులూ మందగించాయి. ముక్కు ఒక్కటే ఇంకా చురుగ్గా పనిచేస్తోంది. నారాయణి గడప దగ్గరికి రాకముందే ఆయన తలెత్తాడు.

"ఎవురమ్మా? పెండ్లి మాలలకు వచ్చినారా?"

నారాయణి తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది. నోరు తెరిస్తే తనేనని తెలిసిపోతుంది. గొంతు మార్చి గట్టిగా ఊఁ అంది. అంతే, ఆయన నమ్మేశాడు. తన కూతురు సెంటు పూసుకుంటుందని కలలో కూడా అనుకోడు కదా.

కూర్చోమన్నాడు ఎంతో మర్యాదగా. గడప లోపలికి మాత్రం రావద్దని, ఏమీ అనుకోవద్దని, సెంటు పూలకు అంటుకుంటుందని చెప్పాడు. నారాయణి ఇప్పుడే వస్తుంది, మాట్లాడుకోవచ్చు అన్నాడు. తన ఇంటి వసారాలో, కిటికీ కింద పీట మీద, నారాయణి చుట్టంలా కూర్చుంది. నాయన తనతో ఎప్పుడూ ఇంత మెత్తగా మాట్లాడలేదు. కొంచెం నవ్వు కూడా వచ్చింది. మాట్లాడే మనిషి దొరికితే ముసలాయన ఆగుతాడా! కొడుకు పరాశర్ మేడ మీద కాపురమని, ఆఫీసుకు పోతాడని, కోడలు పిల్లలకు ట్యూషన్లు చెబుతుందని, పొద్దున్నా సాయంత్రమూ పలకరిస్తారని, అయితే పువ్వు ముట్టుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరని చెప్పుకొచ్చాడు. తరువాత కూతురి మాట ఎత్తాడు. మాల కడితే నారాయణే కట్టాలన్నాడు. నారాయణి తల వంచుకుంది. ఆ ముక్క ఎదురుగా ఒక్కనాడూ అనలేదు.

ఆ మెచ్చుకోలు దగ్గరే ఆయన ఆగిపోయి ఉంటే ఆమె మాల కట్టుకుంటూ ఇంకో ఇరవై ఏళ్లు బతికేసేది.

ఆయన ఆగలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఐరాల నుంచి మా పిల్లకు ఒక సంబంధం వచ్చిందమ్మా అన్నాడు. పిల్లవాడు బడిపంతులు. పిల్ల నచ్చిందన్నారు, కట్నం మాటే ఎత్తలేదు. అప్పటికి తన భార్య పోయి ఏడాది కూడా కాలేదు.

"జాతకాలు బాగా కుదిరినాయి. నేనే కుదర్లేదన్నాను. పిల్లకు కుజదోషం ఉండాదని చెప్పి పంపించేసినాను. ఇది కూడా పోతే నాకెవురమ్మా? పెరుమాళ్ళ పేరు చెప్పుకున్నాను గానీ, నా కోసరమే."

ఆయన ఇంకో నార చీలిక తీసి పక్కన పెట్టాడు.

"ఆ దోషం పోవాలని ఇప్పుటికీ మంగళారం పస్తుంటాది. వద్దమ్మా, తిను అని చెప్పాలనుకుంటాను. చెప్తే ఎందుకని అడుగుతాది గదా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కూతురికి చెప్పొద్దని బతిమాలాడు. ఎవరికైనా చెప్పుకుంటే గానీ ప్రాణం పోయేట్టు లేదని, ముఖం తెలియని మనిషివి కాబట్టి చెప్పగలిగానని అన్నాడు. చెప్పేశాక ఆ ముఖం తేలికపడింది. చూస్తూంటే నారాయణికి ఒళ్లు మండిపోయింది. తనలో అంత కోపం ఉందని ఆమెకే తెలియదు. ఇరవై రెండేళ్ల మంగళవారాలు! నవగ్రహాల చుట్టూ తిరిగిన ప్రదక్షిణలు, చలిలో తలస్నానాలు, నీ జాతకమే అంత అని చుట్టాల జాలి మాటలు. లేచి ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేయాలనిపించింది. అంతలోనే ఆ వణికే వేళ్లు చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు గొంతు విప్పితే ఆయన ఏడుస్తాడు, తను క్షమించేస్తుంది, సాయంత్రానికి మళ్లీ ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది. అది ఆమెకు బాగా తెలుసు.

సుదర్శనం నార చీలికలు ముడివేసి తాడుకు పురి మొదలుపెట్టాడు. కొసను గడప ఇవతలికి చాచాడు.

"ఇది బుట్టలకు కట్టే తాడులేమ్మా, దీనికి మడి లేదు. మా నారాయణి వచ్చేదాకా ఈ కొస కొంచెం పట్టుకుంటావా?"

పట్టుకుంది. ఆయన అరచేతుల మధ్య నార తిరుగుతోంది, తాడు బిగుసుకుంటోంది. వదిలితే పురి విడిపోతుంది. నారాయణి చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తరువాత తాడు వదులు కాకుండా మెల్లగా లేచి, కొసను కిటికీ ఊచకు రెండు చుట్లు తిప్పి ముడివేసింది. ఆయనకు తేడా తెలియలేదు.

రెండు చీరలు సంచిలో పెట్టుకుని మేడ మెట్లెక్కింది. మరదలు వేదిక తలుపు తీసింది.

"నాయనకు మజ్జిగన్నం పెట్టు వేదికా. రాత్రికి కూడా. గుడికి మాల బజారు నుంచి తెప్పించమని పరాశర్‌కు చెప్పు."

"యాడికి వదినా?"

"చిత్తూరుకు."

వేదిక సంచి వైపు చూసి, సరే వదినా, ఫోన్ చేస్తాను అంది. ఫోన్ చేస్తే మాల వస్తుంది! ఇంత చిన్న మాట ఈ ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు అనలేదో నారాయణికి అర్థం కాలేదు.

వీధి అవతల ఆటోలో కుట్టుమిషను ఎక్కిస్తూ సుజన ఆమెనూ, చేతిలో సంచినీ చూసింది. సంచి అందుకుని ఆటోలో పెట్టింది. నారాయణి అడిగింది.

"తినేదానికి ఏమైనా ఉండాదా?"

సుజన దారికని కట్టుకున్న ఇడ్లీ పొట్లం విప్పింది. నారాయణి నడివీధిలో నిలబడే తింది. నీళ్లు తాగి మళ్లీ తింది. ఆటో కదిలేటప్పుడు ఒకసారి ఇంటి వైపు చూడకుండా ఉండలేకపోయింది.

గడప దగ్గర నాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వసారాలో వాసన పోలేదు కదా, మనిషి కూర్చునే ఉందనుకుంటున్నాడు. ఖాళీ పీట వైపు తల వంచి ఏదో చెప్పి నవ్వుకుంటున్నాడు. ఆయన చేతుల్లోంచి వచ్చిన నార తాడు కిటికీ ఊచ దగ్గర బిగుతుగా, కొంచెం కొంచెం వణుకుతోంది.