తలుపుకు అడ్డంగా బీరువా

ఆ గదిలో అడుగు పెట్టగానే అక్క ఒళ్ళు జలదరించింది. మిట్టమధ్యాహ్నం, కిటికీ నిండా ఎండ. అయినా గోడలకు పట్టిన మసిలోంచి చెల్లెలు ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టే ఉంది.

చెల్లెలు పోయింది ఇక్కడే. జ్వరంతో పడుకున్న మనిషి లేచి, టేకు బీరువాను తలుపుకు అడ్డంగా తోసుకుని, కుంపటి రాజేసుకుని ఆ పొగలో ప్రాణం తీసుకుందట. చెల్లెలి మొగుడు, మరిది, కిటికీ పగలగొట్టి లోపలికి దూకేసరికే అంతా అయిపోయిందట. అందరూ నమ్మారు. అక్కకు మాత్రం కంటి మీద కునుకు లేదు. అది నిజంగా చావాలనుకుందా?

ఇవాళ పుట్టింటి బీరువా పట్టుకుపోదామని లారీ తెచ్చింది. భుజం ఆనించి తోసింది. కదల్లేదు. ఇంకా బలంగా తోసింది. తను ఎంత తోస్తే బీరువా అంతే ఎదురు తోస్తోంది, అవతల ఎవరో వీపు ఆనించి నిలబడ్డట్టు.

"ఉండమ్మా, నేనూ పడతా," అన్నాడు లారీ డ్రైవర్. ఇద్దరూ కలిసి తోశారు. గరుకు బండల మీద అది వెంట్రుకవాసి జరగలేదు.

"అమ్మో! బీరువానా, ఏనుగా? లోపల ఎవరైనా కూర్చున్నారేమో చూడమ్మా!"

అక్కకు నవ్వు రాలేదు. ఖాళీ బీరువానే ఇద్దరం కదపలేకపోయాం. మంచం దిగితే తూలిపోయే పిల్ల, నిండా చీరలున్నదాన్ని ఒక్కతే ఎలా తోసింది?

గుమ్మంలోంచి మరిది నవ్వుతూ వచ్చాడు.

"అట్లా కాదు వదినా. మొదటి కదలిక దగ్గరే దాని మొండితనమంతా. ఒకసారి జరిగిందా, ఇక మన మాట వింటుంది."

గడ్డపారతో ఒక్కో వైపు ఎత్తి, కాళ్ళ కింద దుప్పటి దూర్చాడు. నడుం వంచి ఒక్క ఊపు ఊపాడు. బీరువా మెత్తగా గుమ్మం వైపు జారిపోయింది.

"చెల్లికీ తెలుసా ఈ కిటుకు?"

"దానికా? బాగుంది! చీపురు పట్టుకోవడమే నేను నేర్పాల్సొచ్చింది దానికి. ఇంకెవరికీ రాదు వదినా, ఈ ఇంట్లో నేనొక్కణ్ణే..."

మాట సగంలో తెగింది. చేతులు మాత్రం ఆగలేదు. బీరువా దుప్పటి దాటి, వట్టి బండ మీద గుమ్మానికి అడ్డంగా బిగుసుకుంది.

మరిది కిటికీ వైపు చూశాడు. డ్రైవర్ అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ దారిన బయటపడటం నీకు అలవాటేగా," అంది అక్క. "ఇవాళ కుదరదు."

మరిది బీరువా మీద పడి తోశాడు. చెమట కారేలా, పళ్ళు కొరుకుతూ తోశాడు.

"తొయ్యి మరిదీ, తొయ్యి," అంది అక్క, ఫోన్‌లో పోలీసుల నంబరు నొక్కుతూ. "అది అంత జ్వరంలో ఎలా తోసిందో నేనూ చూస్తాను."