పెళ్లాం సైకిలు మీద ప్రయోగం

పంక్చరుకు కూడా షాపుకెళ్లే సోమరుల వల్లే లోకం పాడైపోయిందని గుమాస్తా వీధంతా ఉపన్యాసాలిస్తాడు. ఒక పొద్దున భార్య సైకిల్ని వాకిట్లో తలకిందులుగా పెట్టి కూర్చున్నాడు. ఆవిడ మిల్లు సైరన్ కూసేలోగా గేటు దాటాలి. దాటకపోతే ఆ రోజు పనిలోకి రానివ్వరు.

ట్యూబుకు ప్యాచ్ బాగానే అతికించాడు. తర్వాత టైరును స్క్రూడ్రైవరుతో రిమ్ములోకి నెట్టాడు. దాని మొన ట్యూబులో దిగి ఇంకో చిల్లు పడింది. దానికీ ప్యాచ్ వేసి, మళ్లీ ఆ స్క్రూడ్రైవరే పట్టాడు.

"వేళ్లతో నొక్కండి, అదే ఎక్కుతుంది," అంది ఆవిడ.

"నీకేం తెలుసే? ట్యూబే నాసిరకం."

"మరి మీ సైకిల్ని షాపుకెందుకు పంపిస్తారు?"

"అది నేను ఆఫీసుకెళ్లే సైకిలు. దాంతో ప్రయోగాలేంటి?"

నోరు జారానని ఆ మహానుభావుడికి తట్టనైనా లేదు. ఆవిడ మాత్రం చెప్పులేసుకుని, ఆయన సైకిలు స్టాండు తీసి ఎక్కింది.

"ఏయ్, నేనెలా వెళ్లాలి?" అన్నాడు, నల్లబడ్డ చేతులతో లేచి నిలబడి.

"మీరు నా సైకిలు బాగుచేసినప్పుడల్లా నేనెలా వెళ్లానో అలాగే. నడిచి," అంది ఆవిడ.

సైరన్ కూసేసరికి ఆవిడ గేటు లోపల ఉంది.