ఎదురొచ్చే మనిషి

విమానాశ్రయంలో నా సూట్‌కేసు వెనకాలే మా అన్నయ్య ఇంటి వంటగది తలుపు కూడా బెల్టు మీద తిరుగుతూ వస్తుంది. పాత టేకు తలుపు. గడియ ఊడిన చోట కట్టిన పురికొస అలాగే ఉంది.

యూనిఫాం వేసుకున్న అధికారి దాని చుట్టూ తిరిగి చూస్తాడు.

"ఇది మీదేనా?"

"మా అన్నయ్యది. నేను దాని వెనకాల ఉండేదాన్ని."

"అయితే మీ సామానే. తలుపు ముందున్నవాళ్ళకి ఆస్తి, వెనకున్నవాళ్ళకి సామాను," అని ముద్ర వేస్తాడు.

నేను ఈ వయసులో కౌన్సెలింగ్ ఎం.ఏ. చదువుతున్నాను. బళ్ళో చదివింది ఐదో తరగతి దాకానే. తక్కినదంతా తెనాలి గ్రంథాలయంలో ఆడవాళ్ళ బెంచీ చివర కూర్చుని నాకు నేనే చదువుకుని పరీక్షలు రాశాను. ఇప్పుడు మా కాలేజీ వాళ్ళు మమ్మల్ని ఓ చిన్న చదువు యాత్ర మీద ఈ చలి రేవుపట్నానికి తీసుకొచ్చారు. వేరే దేశం మనుషుల దుఃఖాన్ని వాళ్ళ పద్ధతిలో వినడం నేర్చుకోవాలి. ఒక క్లయింటుతో చివరిదాకా మాట్లాడి రావాలి. అదే పరీక్ష.

తలుపు నా వెంట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. విమానం ఎక్కేముందు తోటి విద్యార్థిని దేవకుమారి నా చెయ్యి పట్టుకుంది.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండేం. మీరు కాస్త ఆఖర్న ఎక్కుతారా? నాకిలాంటి పట్టింపులేం లేవు, మీకు తెలుసుగా. అమ్మే ఫోన్లో మరీ మరీ చెప్పింది."

నేను ఆఖర్న ఎక్కాను. తలుపు అప్పుడే బయల్దేరి ఉంటుంది.

పద్దెనిమిదో ఏట నా భర్త పోయాడు. అప్పటినుంచి ఎవరు ఇంట్లోంచి బయల్దేరినా నేను వాళ్ళకి ఎదురు రాకూడదు. వెళ్ళిన పని చెడుతుంది, మనిషికి కీడు జరుగుతుంది అంటారు. అందుకని ఎవరు చెప్పులు వేసుకున్నా నేను వంటగది తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఎవరు ఎలా వెళ్ళారో నాకు చెవులతోనే తెలుసు. అన్నయ్య కొడుకు రాఘవులు మిలటరీకి వెళ్ళడం అంటే బూటు నేలకేసి తట్టిన చప్పుడు. నేను పెంచిన మేనకోడలు సుభాషిణి అత్తారింటికి వెళ్ళడం అంటే కారు తలుపు రెండుసార్లు వేసిన చప్పుడు. మొదటిసారి కొంగు ఇరుక్కుందట.

ఈ ఊరి భాష మాకు రాదు. అదేమీ ఇబ్బంది కాదు. ఇక్కడ ఎదుటి మనిషి ముఖం కనబడుతున్నంతసేపూ మాట అర్థమవుతుంది. ముఖం తిప్పుకుంటే అర్థం ఆగిపోతుంది. అందుకే ఇక్కడి క్లినిక్కులో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి నేలకి మేకులు కొట్టారు.

మా ప్రొఫెసర్ హైమావతి గారు మొదటి రోజే చెబుతారు. "కుర్చీలో కూర్చుని చెప్పేదంతా పైపై మాట. లేచి, గుమ్మంలో ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తిరిగి ఒక మాట అంటారు చూడండి, అదీ అసలు సంగతి. అది మిస్సయితే మీరు ఏమీ విననట్టే."

నా చిక్కంతా అక్కడే ఉంది. నా క్లయింటు కుర్చీలోంచి లేవగానే తలుపు జరజరా జరుగుతూ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడుతుంది. ఆమె ముఖం కనబడదు. గుమ్మంలో ఏదో అంటుంది. రోజూ అంటుంది. నాకు చెక్క వాసన మాత్రం తెలుస్తుంది.

ఆమె పేరు ఇల్దా. వలలు బాగుచేసే మనిషి. దూరంగా ఉన్న దీవిలో ఆమెకి పని దొరికింది, ఉండడానికి చోటు కూడా ఇస్తారు. కానీ రేవు దాకా చేరలేకపోతోంది.

"మా ఊళ్ళో బయల్దేరినవాళ్ళకి ఎవరో ఒకరు ఎదురు రావాలండీ," అంటుంది. "ఎవరూ రాకపోతే వీధి పొడుగవుతుంది. నేను నడిచినకొద్దీ కొత్త ఇళ్ళు వస్తాయి. సాయంత్రానికి అలిసిపోయి వెనక్కి వచ్చేస్తాను."

"వెనక్కి రానివాళ్ళు?"

"మా నాన్న రాలేదు. మొండివాడు. ఇంకా నడుస్తూనే ఉన్నాడు. మంచు లేని రోజు వీధి చివర ఆయన టోపీ కనిపిస్తుంది."

"ఎదురొచ్చేవాళ్ళు లేరా ఊళ్ళో?"

"ఉండేవారు. ఇప్పుడు అందరూ కిటికీల్లోంచి చూస్తారు. ఈ రోజు పడవే ఆఖరిది. ఇది తప్పితే ఆ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

ఆమె లేస్తుంది. తలుపు అడ్డం వస్తుంది. తలుపు అవతల ఏదో అని వెళ్ళిపోతుంది.

నేను హైమావతి గారి గదికి వెళ్తాను. ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. టీ కప్పులోంచి ఫ్లాస్కులోకి పోతోంది. ఆవిడ పట్టించుకోరు.

"మేడమ్, నేను రేవు వైపు నుంచి వెళ్ళి ఆ అమ్మాయికి ఎదురు రావాలనుకుంటున్నాను."

"క్లయింటుని బయట కలవకూడదు పేరిందేవి గారూ. రూలు."

"వాళ్ళ పద్ధతి అది. ఎవరో ఒకరు ఎదురు రావాలట."

"ఎవరో ఒకరంటే... మరీ..." ఆవిడ కప్పు కింద పెడతారు. "మీ మంచికే చెప్తున్నానండీ. రేపు ఆ అమ్మాయికేదైనా అయితే మీరే కుమిలిపోతారు. మన నమ్మకాల్ని పక్కన పెట్టి పని చెయ్యాలని క్లాసులో అనుకున్నాం కదా."

"అది నా నమ్మకం కాదు మేడమ్. నా మీద మీకున్న నమ్మకం. పక్కన పెట్టాల్సింది మీరు."

"ఫెయిల్ చెయ్యాల్సొస్తుంది."

"చెయ్యండి. మళ్ళీ రాస్తాను. రాసి రాసి అలవాటే నాకు."

ఇంత మాట అని వచ్చానే గానీ నా అనుమానం నాకు పోలేదు. నిజంగానే ఏదైనా అయితే? ఇన్నేళ్ళూ అందరూ చెప్పింది నిజమే అయితే? క్లినిక్కులో నా గదిలోకి వచ్చేసరికి తలుపు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఎప్పటికంటే ఎత్తుగా ఉంది.

"కూర్చో," అంటాను.

తలుపు బందుల దగ్గర వంగి క్లయింటు కుర్చీలో కూర్చుంటుంది. చెక్కలో ఒక ముడి ఉంది, అన్నేళ్ళూ నేను నుదురు ఆనించిన చోటు. అది నున్నగా మెరుస్తోంది. దాన్నే ముఖం అనుకుని ఎదురుగా కూర్చుంటాను.

"చెప్పు. నీకేం కష్టంగా ఉంది?" పుస్తకంలో మొదటి ప్రశ్న అదే.

"నాకేం కష్టం చెల్లాయ్. నీ మంచికే నా తాపత్రయం." గొంతు అన్నయ్యది.

"నా మంచికా?"

"నీకూ, వెళ్ళేవాళ్ళకీ."

"రాఘవులు మిలటరీకి వెళ్ళేటప్పుడు ఎదురొచ్చానా?"

"లేదు. నువ్వు బంగారానివి."

"తిరిగొచ్చాడా?"

తలుపు కిర్రుమంటుంది.

"సుభాషిణికి ఎదురొచ్చానా? తొలి కాన్పుకి వస్తానన్న పిల్ల, వచ్చిందా?"

"పాతవన్నీ ఇప్పుడెందుకే తవ్వడం."

"నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు? అప్పుడూ నీ వెనకాలే నక్కి ఉన్నాను. ఒక్కళ్ళకీ ఎదురు రాలేదు అన్నయ్యా. మరి ఎవరి కీడు వాళ్ళకి ఎలా దొరికింది?"

నేను లేస్తాను. గుమ్మంలో ఒక కాలు బయట పెట్టేసరికి, ప్రొఫెసర్ గారు చెప్పినట్టే, అది అసలు మాట అంటుంది.

"ఆ రోజు నువ్వు ఎదురొస్తే బాగుండునే. నీ మొహం చూసి పోయేవాణ్ణి."

కళ్ళు మండుతాయి. అయినా ఆగను.

"నీ టైము అయిపోయింది అన్నయ్యా," అంటాను. తలుపు కుర్చీలోనే ఉండిపోతుంది. దాని కింది అంచు నుంచి సన్నటి చెట్టు వేళ్ళు దిగి మేకుల పక్కన నేలలోకి పోతున్నాయి.

మెట్లు దిగుతుంటే పై కిటికీలోంచి దేవకుమారి అరుస్తుంది. "మామ్మగారూ! ఎక్కడికండీ?" వెంటనే నాలుక కరుచుకుంటుంది. "అయ్యో, వెనక నుంచి పిలిచేశానే! కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి మామ్మగారూ, ప్లీజ్!"

"నీకిలాంటివేం లేవన్నావుగా అమ్మాయ్! ఆ నీళ్ళేవో నువ్వే తాగు!"

ఇల్దా వీధి నాకు పొడుగవదు. నేను ఎక్కడికీ బయల్దేరలేదు, ఎదురు వెళ్తున్నాను. చేపల అంగళ్ళ సందులోంచి తిరిగి రేవు చేరి, అటు చివర నుంచి వీధిలోకి అడుగు పెడతాను.

వీధి నిండా మనుషులున్నారు. పెట్టెలు, పరుపుచుట్టలు, కుట్టుమిషను మోసుకుంటూ అందరూ రేవు వైపే నడుస్తున్నారు. ఎదురొచ్చేవాళ్ళు లేక చేరనివాళ్ళు. బయల్దేరి వెళ్ళే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూస్తాను. భయంగా ఉంటుంది. పెదవులు ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కదులుతాయి. నేను ఊహించుకున్నంత కఠినంగా ఉండదు.

నన్ను దాటిన ప్రతి మనిషి వెనకా ఒక ఇల్లు మాయమవుతుంది. టోపీ పెట్టుకున్న ముసలాయన నా ముందు ఆగి టోపీ తీస్తాడు.

"ఆలస్యమైందా అమ్మా?"

"లేదండీ. మీ అమ్మాయి వెనకే వస్తోంది, నడవండి."

ఇల్దా ఆఖర్న వస్తుంది. నా ముఖంలోకి చూస్తూ, రోజూ గుమ్మంలో అనే మాట అంటుంది. ఇప్పుడు వినబడుతుంది.

"మీకు ఎవరు ఎదురొస్తారండీ?"

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"నువ్వొస్తున్నావుగా," అంటాను.

ఆమె నవ్వి నా భుజం పక్కనుంచి దాటి వెళ్తుంది. ఆమె పడవలోకి దూకిన చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు నాకు చాలదు. వెనక్కి తిరిగి చూస్తాను.

పడవలు కదులుతున్నాయి, కానీ నీళ్ళ మీద కాదు. సముద్రమే ఎక్కడికో బయల్దేరి లేచి నిలబడింది. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. నడుముకి పడవలన్నీ తాళాల గుత్తిలా వేలాడుతున్నాయి. వాటిలో ఇల్దా పడవ కూడా ఉంది. ఇల్దా, ఆ ముసలాయన అంచు పట్టుకుని కూర్చున్నారు. చేపల్ని మూట కట్టి చంకలో పెట్టుకుని, సముద్రం రేవు మెట్ల మీద ఒక కాలు వేసి ఆగిపోయింది. దానికి ఎవరూ ఎదురు రాలేదు. కిటికీలన్నీ ఒక్కటొక్కటిగా మూసుకుంటున్నాయి.

నేను కొంగు నడుముకి బిగిస్తాను. మెట్ల మధ్యగా, దాని ముఖంలోకి చూస్తూ నడుస్తాను. నీళ్ళు నా మోకాళ్ళ దాకా వచ్చి, ఇన్నేళ్ళూ అందరూ అన్న మాటే, "తప్పుకో," అంటాయి.

తప్పుకోను.