మోకాలి కింద దిండు

మోకాలు కిందికి దిగలేదు.

ఫిజియోథెరపిస్టు అరచేత్తో నొక్కి చూశాడు. బల్లకీ మోకాలి వెనక భాగానికీ మధ్య తన పిడికిలి పెట్టాడు. అది సులువుగా దూరిపోయింది. పోయినసారి రెండు వేళ్లే పట్టాయి.

"ఎముక బాగానే పెరుగుతోంది," అన్నాడు. "మోకాలే వంగి బిగుసుకుపోతోంది. ఇలా అయితే కాలు పొడవు పెరిగి ఏం లాభం? నిలబడితే మళ్లీ పొట్టిదే."

బల్ల మీద పడుకున్న తొమ్మిదేళ్ల పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. నడక కన్నా గెంతడమే దానికి హాయి, అందుకే ఆ పేరు. డాక్టరు మోకాలి కింది ఎముకను కోసి, కాలి చుట్టూ ఇనుప రింగులు బిగించాడు. ఇంట్లో రోజూ వాటి నట్లు కొద్దికొద్దిగా తిప్పితే కోసినచోట సందు పెరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. కండ మాత్రం ఎముక చెప్పినట్టు వినదు. వెనక నుంచి మోకాలిని లాగి వంచేస్తుంది. అందుకే కాలు ఎప్పుడూ చాపి ఉంచాలి.

"రెండు వారాలు చూస్తాను. అప్పటికీ దిగకపోతే ఇంకో ఆపరేషను. ఇంట్లో మోకాలి కింద ఏమైనా పెడుతున్నారా?"

"మా ఇంట్లోనా?" తల్లి బస్సు కండక్టరు. ఆమె మామూలుగా మాట్లాడినా పక్క గదిలోకి వినిపిస్తుంది. "మీరు వద్దన్నాక దుప్పటి మడత కూడా ఉండనివ్వడం లేదు సారూ. ఏవండీ, తలుపుకి అతుక్కుపోయారేంటి, మీరు చెప్పండి."

తండ్రి పరుపులు కుట్టేవాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. పగలంతా భార్య బస్సులో ఉంటుంది కాబట్టి పిల్లను చూసుకునేది ఆయనే.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫిజియో ఆయనకే చెప్పాడు: "కాలి కింద దిండు పెట్టండి." ఫిజియో ఉద్దేశం మడమ. మడమ ఎత్తులో ఉంటే మోకాలు తన బరువుకి తనే దిగుతుంది. పరుపులవాడికి కాలంటే తొడ దగ్గర్నుంచి వేళ్ల దాకా. మనిషి పడుకోగానే ఆయన కన్ను ఖాళీ కోసం వెతుకుతుంది. మెడ కింద, నడుం కింద, మోకాలి కింద. ఖాళీ కనిపిస్తే దూదితో నింపడమే ఆయన పని. మంచి దూది ఏరి, రెండుసార్లు ఏకి, మోకాలి గుంటకు సరిపోయేలా చిన్న దిండు కుట్టాడు. ఆపరేషను తర్వాత పిచ్చుక కంటినిండా నిద్రపోయింది ఆ దిండు మీదే.

"నాన్నా, ఇది నొప్పిని తాగేస్తోంది," అంది.

తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్లొచ్చిన భార్య అసలు సంగతి చెప్పింది. "మడమ కిందట. మోకాలి కింద పెడితే కాలు అలాగే వంగి బిగుసుకుపోతుందట. ఇవ్వాళే మార్చేయండి."

మార్చేశాడు. మర్నాడు మధ్యాహ్నం పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "నాన్నా, కాసేపు. కాసేపే."

కాసేపటికి ఏమవుతుందిలే అనుకున్నాడు. దిండు పైకి జరిపాడు. "అమ్మకి చెప్పకు. చెప్తే నన్ను నడిరోడ్డు మీద దించేస్తుంది," అన్నాడు. పిల్ల కళ్లనీళ్లతోనే నవ్వింది. అప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం, వీధిలో భార్య గొంతు వినిపించేదాకా, దిండు మోకాలి కిందే ఉండేది.

ఇప్పుడు ఆస్పత్రి గదిలో ఫిజియో తండ్రి వైపే చూస్తున్నాడు. తండ్రి నోరు తెరిచాడు.

"నేనే పెట్టుకున్నా," అంది పిచ్చుక.

ముగ్గురూ అటు తిరిగారు.

"అమ్మ డ్యూటీకి వెళ్లాక. నాన్న మిషను మీద ఉంటాడు, చూడడు."

తల్లి అందుకుంది. "నీకు బుద్ధుందా? మళ్లీ కోస్తారే. మళ్లీ ఆ బల్లెక్కుతావా? ఎవరి కోసమే ఇదంతా?" పిల్ల మోకాలి వైపే చూస్తూ పడుకుంది. తండ్రి తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేశాడు. భార్య ఆగితే నిజం చెబుదామనుకున్నాడు. ఆమె ఆగింది. అయినా చెప్పలేదు.

బస్టాపులో చెప్పాడు, చక్రాల కుర్చీ పిడి పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ. "దిండు పెట్టింది అది కాదు. నేనే పెట్టాను."

బస్సు నిండా జనాన్ని ఒక్క మాటతో కదిలించే మనిషి గొంతు తగ్గించి అడిగింది.

"మరి అక్కడెందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదు."

"తొమ్మిదేళ్ల దానికి వచ్చింది."

ఆమె వంగి పిల్ల మొహం కొంగుతో తుడిచింది. కుర్చీ పిడి ఆయన చేతిలోంచి తనే తీసుకుంది.

ఆ రెండు వారాలూ మధ్యాహ్నాలు కొట్టు మూసేశాడు. పిల్ల మడమను చెక్క దిమ్మ మీద ఆనించి, ఫిజియో నేర్పినట్టు మోకాలి పైన రెండు చేతులూ వేసి కిందికి నొక్కేవాడు. అన్నాళ్లూ మెత్తదనం పట్టి చూసిన చేతులు అవి. మొదటి రోజు పిల్ల అరిచింది. రెండో రోజు నుంచి అరవలేదు. కాసేపు ఆపమని కూడా అడగలేదు.

గడువు రోజున మోకాలి కింద రెండు వేళ్లే పట్టాయి. ఆపరేషను అక్కర్లేదన్నాడు ఫిజియో. తల్లి గట్టిగా ఊపిరి వదిలింది. "కాకపోతే పూర్తిగా దిగుతుందని చెప్పలేను," అన్నాడాయన. "ముందే జాగ్రత్త పడుంటే దిగేది. కొంచెం కుంటు మిగలొచ్చు. నొక్కడం మాత్రం ఆపకండి."

ఆ మధ్యాహ్నం తండ్రి మళ్లీ దిమ్మ పెట్టి చేతులు వేశాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు నాన్నా."

పిల్ల వేళ్లు దుప్పటిని మెలిపెట్టి పట్టుకుని ఉన్నాయి. ఆస్పత్రి బల్ల మీద 'నేనే' అన్నప్పుడూ ఇదే గొంతు.

"నాతో అబద్ధమాడకమ్మా."

"నిజం చెప్తే ఆపేస్తావుగా."

"ఆపను."

పిచ్చుక ఆయన మొహంలోకి చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసింది.

"అయితే, చాలా నొప్పిగా ఉంది," అంది.

ఆయన కళ్లు మసకబారాయి. చేతులు మాత్రం తీయలేదు.