సభ్యులొకరు

"మీ చేతిరాత చక్కగా ఉంటుందట కదా మేడమ్, మినిట్స్ మీరే రాసేద్దురూ" అన్నారు వీసీ గారు మొట్టమొదటి సమావేశంలో. ఆయన ఆమె చేతిరాత ఎన్నడూ చూసి ఎరగరు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న మిగతా పదిమంది మగవాళ్లూ చూసి ఎరగరు. అయినా అందరూ అవునవునన్నారు. రిజిస్ట్రార్ గారు లావుపాటి పుస్తకం ఆమె ముందుకు జరిపారు. పెన్ను కూడా ఆయనే ఇచ్చారు, ఎంతో మర్యాదగా.

అది చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. మూడు భవనాలు, వాటి మధ్య సైకిల్ స్టాండు, వానొస్తే కారే గ్రంథాలయం. పైవాళ్లు ఆర్డరిస్తే కిందివాళ్లు తలూపే రోజులు పోవాలనీ, పాఠాలు చెప్పేవాళ్లూ ఆఫీసువాళ్లూ కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలనీ రెండేళ్ల కిందట ఈ ఉమ్మడి పాలక సంఘాన్ని పెట్టారు. "ఇక్కడ ఎవరూ ఎవరికీ బాస్ కాదండీ" అని వీసీ గారు ప్రతిసారీ మొదట అదే మాట అంటారు. ఆమె ఆ మాట నమ్మింది. తాపీమేస్త్రీ కూతురు, ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. పగలు షాపులో బట్టలు మడతలు పెడుతూ, సాయంత్రాలు ఇక్కడే ఈవెనింగ్ కోర్సులో చదువుకుంది. ఇప్పుడు ఆ కోర్సులోనే చరిత్ర చెబుతోంది. తోటి అధ్యాపకులు ఓట్లేసి ఆమెను సంఘానికి పంపిన రోజు ఇంటికొచ్చి చెబితే అత్తగారు "జీతమేమైనా పెరుగుతుందా?" అని అడిగింది. లేదంటే, "మరెందుకే తల్లీ ఆ చాకిరీ" అంది. భర్త మాత్రం నవ్వి, "మంచిదే. మీటింగు రోజుల్లో వంట పొద్దున్నే చేసేస్తే సరిపోతుందిలే" అన్నాడు. కోపంతో అన్న మాటేం కాదు. ఆయన ఏదీ కోపంతో అనడు.

మినిట్స్ రాయడం ఆమె ఒక చదువులాగా నేర్చుకుంది. ఎవరేమన్నారో వాళ్ల పేరుతో సహా రాసేది. ఇంజినీరింగు డీన్ గారు సగంలో వదిలేసిన వాక్యాలను పూర్తి చేసేది, రిజిస్ట్రార్ గారు మూడుసార్లు తిప్పి చెప్పినదాన్ని ఒక్క ముక్కలో పెట్టేది. చదివి వినిపిస్తే వాళ్లకే ముచ్చటేసేది, ఇంత బాగా మాట్లాడామా అని. తన మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి తగ్గేది. తన పేరు తనే రాసుకుంటే డప్పు కొట్టుకున్నట్టుంటుందని, "సభ్యులొకరు సూచించారు" అని రాసేది. గ్రంథాలయం ఆదివారం తెరవాలన్నది సభ్యులొకరు. ఆడపిల్లల వైపు మరుగుదొడ్లకు గొళ్లేలు లేవని అడిగింది సభ్యులొకరు. అణకువగా ఉండమని చిన్నప్పట్నుంచీ ఎంతమంది చెప్పారో, ఆ అణకువంతా ఆ పుస్తకంలోకి దిగింది.

కిందటి నెల ఎజెండాలో ఏడో అంశం, ఈవెనింగ్ కోర్సు మూసివేత. చేరేవాళ్లు తగ్గారనీ, ఆ గదులు కంప్యూటర్ ల్యాబుకి కావాలనీ కారణం రాశారు. ఆమె నాలుగు పేజీలు రాసుకుంది. ఎంతమంది ఉన్నారో లెక్క రాసింది, వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లో రాసింది, పగలు వాళ్లు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో రాసింది. పేరు రాయకుండా ఒకావిడ గురించి కూడా రాసింది. ఆవిడ వాళ్ల డిపార్టుమెంటు వరండా ఊడ్చే స్వీపరు. ఆమె కంటే పదేళ్లు పెద్ద, అందుకే ఆవిడను ‘అక్కా’ అని పిలుస్తుంది. "నాకా చదువు? ఈ వయసులో అక్షరాలు నన్ను చూసి నవ్వుతాయి మేడమ్" అన్న మనిషిని వెంటపడి చేర్పించింది ఆమే. ఇప్పుడు రెండో ఏడు. పొద్దున యూనిఫారంలో ఊడ్చిన గదిలోనే సాయంత్రం ఐదింటికి జడ వేసుకొచ్చి మొదటి బెంచీలో కూర్చుంటుంది. ఇంకొక్క ఏడాది ఉంటే డిగ్రీ చేతికొస్తుంది.

సంఘంలో ఆమెకున్న ఒకే ఒక్క ధైర్యం ఫిజిక్స్ చెప్పే పెద్దాయన. "నువ్వు గట్టిగా మాట్లాడమ్మా, నీ వెనకాల నేనుంటా" అని ముందు రోజే మాటిచ్చారు.

నాలుగో అంశం నడుస్తుండగా వీసీ గారు గడియారం చూసి, "టీ ఇంకా రాలేదేమిటి? మేడమ్, కాస్త మీరు చూస్తారా? మీరు చెబితే క్యాంటీనువాడు కదులుతాడు" అన్నారు. ఆమె పుస్తకంలో పెన్ను పెట్టి లేచింది. ఎందుకు లేచిందో ఆ తరవాత ఎన్ని రోజులు తనను తాను ప్రశ్నించుకుందో. ఎవరైనా ఏదైనా కావాలంటే లేవడం ఆ కాళ్లకు అలవాటు. రెండంతస్తులు దిగింది. పాలు కాగేదాకా నిలబడింది. ఫ్లాస్కు క్యాంటీనువాడూ, కప్పులు తనూ పట్టుకుని పైకొచ్చేసరికి పావుగంటయింది. బల్ల దగ్గర వాతావరణం తేలిగ్గా ఉంది.

"ఏడో అంశం అయిపోయిందండీ" అన్నారు రిజిస్ట్రార్ గారు. "డీన్ గారికి రైలు టైమవుతోందని ముందుకు జరిపాం. ఏకగ్రీవం. రాసుకోండి."

"నేను... నేను మాట్లాడాలనుకున్నానండీ. కాగితాలు కూడా..."

"ఇవ్వండి, వెనకాల పిన్ను చేద్దాం" అన్నారు వీసీ గారు ఆప్యాయంగా. "మీరు ఎప్పుడూ అందరితో కలిసే నడుస్తారు కదా మేడమ్. మీకు అభ్యంతరం ఉండదనుకున్నాం."

ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. "అందరూ చెయ్యెత్తారమ్మా" అన్నారు మెల్లిగా, వాన పడిందమ్మా అన్నట్టు.

టీ చల్లారిపోతోందని ఎవరో అన్నారు. ఆమె పోసింది. పదకొండు కప్పులు, ఒక్క చుక్క ఒలకకుండా.

ఆ రోజు అన్నాలప్పుడు భర్తకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అసలు నువ్వెందుకు లేచావ్? నాకు తీరిక లేదని చెప్పాల్సింది" అన్నాడు. అంటూనే ఖాళీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె లేచి నీళ్లు తెచ్చి పోసింది. "ప్రతిదీ మనసులో పెట్టుకోకు. మనింట్లో చూడు, ఏదైనా కలిసే అనుకుంటాం కదా" అన్నాడు. ఆమెకు ఈ ఇంట్లోకి మారిన సంగతి గుర్తొచ్చింది. ఆయనా, మామగారూ, ఆడపడుచు భర్తా ముందు గదిలో కూర్చుని గంటసేపు అనుకున్నారు. ఆమె వంటింట్లో ఉంది. చివర్లో ఆయన గుమ్మం దాకా వచ్చి "నీకూ ఓకేనే కదా?" అన్నాడు. చేతిలో గరిటె ఉంది, పొయ్యి మీద పొంగుతున్నదేదో ఉంది, ఆమె తలూపింది. కూతుర్ని ఏ బడిలో వేయాలన్నదీ అలాగే తేలింది, అత్తగారి ఆపరేషను తరవాత ఎవరు సెలవు పెట్టాలన్నదీ అలాగే తేలింది. ఎవరూ ఆమె మీద అరవలేదు, ఎవరూ వద్దనలేదు. పదిహేనేళ్లుగా ఈ కుటుంబంలో తను ఏకగ్రీవంలో భాగం. ఫలానా రోజు నన్ను కాదన్నారు అని ఎవరికైనా చెప్పుకుందామంటే చూపించడానికి ఒక్క రోజు కూడా లేదు.

మర్నాడు వరండాలో అక్క చీపురు గోడకానించి, "మేడమ్, మూడో ఏడాది పుస్తకాలు పాతవి దొరుకుతాయా? సెలవుల్లోనే మొదలెడదామని. నా బుర్రకి ముందే నానబెట్టుకోవాలి" అంది నవ్వుతూ. చూద్దాంలే అక్కా అంది ఆమె. ఇంకేం అనగలదు? ఒక చిన్న దారి మిగిలే ఉంది మరి. కిందటి మినిట్స్‌ను తరవాతి సమావేశంలో చదివి ఆమోదిస్తేగానీ ఏ తీర్మానమూ అమల్లోకి రాదు. మినిట్స్ మీద ఎవరైనా పేచీ పెడితే, సగానికి పైగా ఒప్పుకుంటే, ఆ అంశాన్ని మళ్లీ చర్చకు పెట్టొచ్చు. రూల్స్ పుస్తకంలో అది ఉందని ఆ సంఘంలో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆ పుస్తకం చదివింది ఆమె ఒక్కతే కనక.

మూడు వారాలు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. "మినిట్స్ ఇంకా పంపలేదేంటమ్మా" అని రిజిస్ట్రార్ రెండుసార్లు ఫోను చేశారు. చివరికి ఉన్నదున్నట్టు రాసి, సమావేశంలో లేచి నిలబడి చదివింది. ‘ఏడో అంశం చర్చకు వచ్చిన సమయంలో ఈ మినిట్స్ రాస్తున్న సభ్యురాలు, అధ్యక్షుల కోరిక మీద, టీ కోసం కింద క్యాంటీనులో ఉన్నారు. ఆమె ఈవెనింగ్ కోర్సు అధ్యాపకుల ప్రతినిధి. ఆమెకు ఈ తీర్మానం సమ్మతం కాదు. ఈ అంశాన్ని తిరిగి చర్చించాలని ఆమె కోరుతున్నారు.’ తన పేరు కూడా చదివింది.

డీన్ గారు నవ్వారు. "ఇది మినిట్స్ అమ్మా, డైరీ కాదు."

"ఎంత బాధపడ్డారో పాపం" అన్నారు వీసీ గారు. "టీ తెమ్మన్నందుకు నేను సారీ చెబుతున్నాను మేడమ్, సరేనా? ఇప్పుడిక ముందుకెళదాం."

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "సార్, మీరు చెప్పండి."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. "ఆ టీ సంగతి తీసేస్తే బాగుంటుందమ్మా" అన్నారు. "రికార్డు హుందాగా ఉంటుంది."

తిరిగి చర్చించాలన్న కోరికతో సహా ఆ వాక్యాలన్నీ తీసేయడానికి ఓటు పెట్టారు. పది చేతులు చకచకా లేచాయి. పదకొండోది ఆలస్యంగా, మోచేయి బల్ల మీద ఆనించుకునే లేచింది. లెక్కపెట్టి రాయాల్సింది ఆమే కాబట్టి లెక్కపెట్టి రాసింది. వ్యతిరేకం ఒకటి అని రాసి, పక్కన తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. తరవాత పెన్ను మూసి పుస్తకాన్ని రిజిస్ట్రార్ గారి ముందుకు జరిపింది. "వచ్చే నెల నుంచి ఇంకెవరైనా రాస్తారు సార్" అంది. అలాగా అని ఆయన అటూ ఇటూ చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

ఐదింటికి క్లాసు. గదిలో అక్క ఒక్కతే ముందొచ్చి నోటు పుస్తకంలో గీతలు కొడుతోంది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. వెళ్లి బెంచీ మీద అక్క పక్కన కూర్చుంది. మిగతావాళ్లు వచ్చేలోపే చెప్పేయాలనుకుని చెప్పేసింది. ఈ ఏడాది పరీక్షలతో ఆఖరు. మూడో ఏడు ఉండదు.

అక్క అట్టే ఏడవలేదు. స్కేలు తీసి పుస్తకంలో పెట్టుకుంది. "ఆ మీటింగులో మీరు లేరా మేడమ్?" అంది.

ఇవాళ సమావేశంలో జరిగిందంతా చెప్పొచ్చు. ఓడిపోయినా మాట్లాడానని చెప్పుకోవచ్చు. కానీ ఆ కళ్ల ముందు అదేదీ నోటికి రాలేదు. "మొదటిసారి మూసేద్దామని చేతులెత్తినప్పుడు నేను గదిలో లేనక్కా" అంది. "వాళ్లకి టీ తేవడానికి వెళ్లాను."

అక్క ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపులో నింద లేదు, ఉంటే బాగుండేది.

"అదేంటి మేడమ్" అంది. "మీలాగా అయితే ఇక ఎవరేం తెమ్మన్నా లేవనక్కర్లేదనే కదా నేను చేరింది."