గోడ వెనక చప్పుడు

స్నానాలగది చూడండి రండి అని ఎవరైనా చుట్టాలను పిలుస్తారా? ఆ ఇంటాయన పిలిచాడు, పాతదాన్ని కొత్తగా చేయించి మరీ. తెల్లటి టబ్బు, ముఖం కనబడేంత నున్నటి టైల్స్. చూసినవాళ్ళంతా "అబ్బో, పెద్ద హోటల్లా ఉందే!" అన్నారు. ఆఫీసులో పదిమందిపై అధికారం చెలాయించే ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ఆయన తల్లి మాత్రం చుట్టాల ముందే, "ఒరేయ్, గోడ వెనక నీళ్ళు కారుతున్నాయిరా" అంది.

"కొత్తగా చేయించిన గోడమ్మా అది! నీ చెవుల్లో హోరయ్యుంటుంది" అన్నాడు కొడుకు, తల కొట్టేసినట్టయి.

ఆ గోడకు ఇవతల ఆమె పడకగది. కిందటేడు ఆమె భర్త మంచం పట్టింది అక్కడే. డాక్టరు వద్దన్నాడని మంచినీళ్ళు అడిగినా ఇవ్వలేదు. దాహం దాహం అంటూనే పోయాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. కోడలు వచ్చి గోడకు చెవి పెట్టింది. ఆ వేళ టబ్బు ఎవరూ వాడలేదు కనుక ఏమీ వినబడలేదు. "మామగారి మీద బెంగండీ, పాపం" అంది మొగుడితో. గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో మనుషులకే లేకపోయాయి! ముసలావిడను డాక్టరుకు చూపించి మాత్రలు మింగించారు. ఆమె నీళ్ళ మాట ఎత్తడం మానేసింది. మందు పనిచేసిందని అందరూ సంతోషించారు.

ఒక మధ్యాహ్నం కోడలు ఆ గది ముందు నుంచి వెళుతూ ఆగిపోయింది. అత్తగారు గోడ వారన కూర్చుని, నీళ్ళగ్లాసు గోడకు ఆనించి పట్టుకుంది.

"తాగండి. ఇప్పుడు వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. మెల్లగా తాగండి."

గోడలోంచి గుటక వేసిన చప్పుడు వచ్చింది. కోడలు హడలిపోయి, అత్తగారు గోడకు నీళ్ళు తాగిస్తున్నారని మొగుడితో చెప్పింది. ఆ సంగతి విన్న కొడుకు, సోమవారం తల్లిని పిచ్చాసుపత్రిలో చేర్చాలని నిశ్చయించాడు.

సోమవారం రాకముందే టబ్బు ఒక పక్కకు కుంగి, పక్కనున్న టైల్స్ ఊడిపడ్డాయి. ఆ పని చేసిన మేస్త్రీనే పిలిపించారు. అతను తాపీ తిరగేసి, పిడితో గోడమీద కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడ కొట్టినా డొల్ల చప్పుడే.

"ఇదేనా నీ పనితనం?" అని ఇంటాయన గయ్యిమన్నాడు.

"చుట్టాలొస్తున్నారు, పాత టైల్స్ మీదే అంటించెయ్యమన్నది మీరే కదండీ? టబ్బు కింద సిమెంటు ఆరేదాకా ఆగుదామన్నా వినలేదు. నేనూ సరేనన్నాను, నాదీ తప్పే."

గోడ పగలగొట్టారు. నల్లటి నీళ్ళు, కుళ్ళు వాసన. టబ్బు గొట్టం అతుకు ఊడి ఉంది. టబ్బులోంచి నీళ్ళు దిగినప్పుడల్లా అది గుటుక్కుమంటోంది.

కొడుకు పరుగున వెళ్ళి తల్లిని చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. "అమ్మా, నీకేం లేదే! నీళ్ళేనే! చూడు!" అని నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ గొట్టాన్ని చాలాసేపు చూసింది.

"మొదట్నుంచీ నీళ్ళనే చెప్పాను కదరా. మీరంతా కాదన్నారు. చదువుకున్నవాళ్ళు, మీకు తెలియదా అనుకున్నాను. నీళ్ళు కాకపోతే మరి మీ నాన్నే అయ్యుంటారనుకున్నాను." ఆమె గొట్టం మీంచి చూపు తిప్పుకుంది. "ఇన్నాళ్ళూ ఆయన దాహం తీరుస్తున్నాననుకున్నానురా."

కొడుక్కి అప్పుడు అర్థమయింది. తల్లికి పిచ్చి పట్టలేదు, తామే పట్టించారు. ఆ పిచ్చిలో ఆమెకు దొరికిన కాస్త ఊరటనూ ఇప్పుడు తన చేత్తోనే తీసేశాడు.

మేస్త్రీ పాత టైల్స్ అన్నీ ఊడగొట్టి, గొట్టం మార్చి, టబ్బు కింద గట్టిగా సిమెంటు పరిచి, అది ఆరేదాకా ఆగి పని ముగించాడు. నిండా నీళ్ళు పట్టి వదిలితే చప్పుడన్నదే లేదు. మేస్త్రీ వెళ్ళిపోయాక కూడా ముసలావిడ గోడకు చెవి ఆనించి కూర్చునే ఉంది. కొడుకు వచ్చి పక్కన కూర్చుని, ఈసారి తనూ చెవి పెట్టాడు. ఇద్దరికీ ఏమీ వినబడలేదు.

అయ్యా, అమ్మా, పై మెరుగులకు ఆశపడి కట్టిన గోడనైతే పగలగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. పెద్దవాళ్ళు చెప్పిన మాటను చాదస్తమని కొట్టిపారేస్తే విరిగేది మనసు, దానికి ఏ మేస్త్రీ దొరకడు.